ఆర్లీ ఓటు కార్డు నేను నింపిన సంగతి

ఆర్లీ గేహార్ట్‌కి యాభై ఎనిమిదో ఏట గానీ ఓటు రాలేదు. ఒకే ఒక్క మనిషికి వెయ్యాలని అంత ఆశగా తెచ్చుకున్న ఓటు అది. అది ఆ మనిషికి పడకుండా చేసింది నేను. ఆర్లీకి పగవాళ్ళెవరూ కాదు, సోర్‌వుడ్ లోయలో ఇరవై రెండేళ్ళుగా ఎన్నికల బల్ల దగ్గర కూర్చుంటూ, ఏ రూలు కావాలన్నా నన్నడగండి అని ఊరంతా చెప్పుకు తిరిగే గ్లీమా రిచీని, నేనే.

మా ఇంటి పక్కన పాత ట్రెయిలర్‌లో నాకు జుట్టు కత్తిరించే షాపు ఉంది. రెండు కుర్చీలు, ఒక అద్దం, ఒక కాఫీ కుండ. ఆర్లీ ఆరు వారాలకోసారి వస్తాడు. నా కత్తెరలన్నీ పట్టుకెళ్ళి సాన పట్టి తెస్తాడు, నేను అతని జుట్టు కత్తిరిస్తాను. ఇద్దరి మధ్యా ఇంకో లెక్క లేదు. వచ్చినప్పుడల్లా ట్రక్కు వెనకాల కుక్క ఉంటుంది. దాని పేరు షెరీఫ్, అంటే మా కౌంటీ పోలీసు అధికారి. పిలవగానే వచ్చే షెరీఫ్ ఈ కౌంటీ మొత్తానికి ఇదొక్కటే అంటాడు. ఆ ముక్క వందసార్లు విన్నాను, ఇప్పటికీ నవ్వొస్తుంది.

మనిషి పొడుగు, మాట పొట్టి. ఏడో తరగతిలో బడి మానేశాడు. పద్దెనిమిదేళ్ళకి గనిలోకి దిగాడు. గని మూతపడ్డాక రెండేళ్ళు ఖాళీగా ఉండి, మొక్కజొన్న వరసల మధ్య గంజాయి వేశాడు. అప్పట్లో మా కొండల మీద వెయ్యనివాడెవడు? పోలీసు హెలికాప్టర్ ఆర్లీ చేను మీదే ఆగింది, అంతే తేడా. రెండేళ్ళు కౌంటీ జైల్లోనే ఉన్నాడు. అక్కడ కూడా ఇతన్ని కూరగాయల తోటలోనే పెట్టారు. పెంచినందుకు లోపలేసి మళ్ళీ పెంచమన్నారు అని మా ఆయన బతికున్నన్నాళ్ళూ నవ్వేవాడు. ఆ ఏడు జైల్లో పండినన్ని టమాటాలు ఇంకెప్పుడూ పండలేదని చెప్పుకుంటారు.

బయటికొచ్చి పంతొమ్మిదేళ్ళు. ఆ పంతొమ్మిదేళ్ళలో ఆర్లీ మీద ఒక్క మాట రాలేదు. సమాధుల మీద గడ్డి కోస్తాడు, చెడిపోయిన కోత మెషిన్లు బాగుచేస్తాడు, వేసవిలో రోడ్డు పక్కన బల్ల వేసి చిక్కుడుకాయలూ టమాటాలూ అమ్ముతాడు. ఎవరింట్లో చావు జరిగినా అందరికంటే ముందు వెళ్ళి గొయ్యి తవ్వుతాడు. చర్చిలో మాత్రం వెనక బెంచీ మీదే కూర్చుంటాడు. ముందుకి రమ్మని పిలిచినా రాడు.

ఫిబ్రవరిలో ఒక శనివారం కుర్చీలో కూర్చుని, మెడ చుట్టూ గుడ్డ కట్టించుకున్నాక అడిగాడు.

"గ్లీమక్కా, జైలుకెళ్ళొచ్చినవాడు ఓటు వెయ్యొచ్చంటున్నారు. నిజమేనా?"

"గవర్నర్ ఎప్పుడో ఉత్తర్వు ఇచ్చాడు కదరా. నువ్వు ఎవర్నీ కొట్టలేదు, చంపలేదు. నీకొస్తుంది."

"నా పేరుంటుందా అందులో?"

కత్తెర కింద పెట్టి, ఫోన్‌లో ప్రభుత్వం వాళ్ళ పేజీ తెరిచి, అతని పేరూ పుట్టిన తేదీ కొట్టాను. హక్కులు తిరిగి వచ్చినట్టు చూపించింది. అతనికి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, ఆ రెండు లైన్లూ పెదాలు కదుపుతూ చదివి, మళ్ళీ చదివాడు.

"అయితే మే నెల్లో వెయ్యాలి," అన్నాడు.

"మేలోనే ఏం? నవంబర్లో వేస్తే చేదా?"

"మేలో వెయ్యాలి."

మేలో జరిగేది ప్రైమరీ. ఏ పార్టీకి ఆ పార్టీ, తమ తరఫున ఎవరు నిలబడాలో తేల్చుకునే ఎన్నిక. ఓటరు కార్డులో ఏ పార్టీ రాసుకుంటే ఆ పార్టీ బ్యాలెట్టే చేతికిస్తారు. మా దగ్గర అసలు పోటీ అంతా అప్పుడే అయిపోతుంది, నవంబర్లో జరిగేది సగం తతంగమే. అలాంటి మేలోనే ఎందుకని నేను ఇంకొక్కసారి అడిగి ఉంటే ఈ కథే లేదు. అడగలేదు. ఎవరి మాటా పూర్తిగా వినే అలవాటు నాకు లేదు. ఓటరుగా పేరు చేర్చుకునే ఖాళీ కార్డులు సొరుగులో ఎప్పుడూ నాలుగైదు ఉంచుతాను. ఒకటి తీసి అతని చేతికిచ్చాను. పెన్ను పట్టుకుని, మోకాలి మీద పత్రిక పెట్టుకుని, తన పేరు రాయడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం గోడ కట్టినట్టు పేరుస్తున్నాడు. తర్వాత జుట్టుకి రంగు వేయించుకోడానికి వచ్చినావిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇలా తే," అని లాక్కున్నాను.

పేరు, ఊరు, పుట్టిన తేదీ, చకచకా నింపేశాను. పార్టీ అన్న చోట నా చెయ్యి దానంతట అదే డెమొక్రాట్ గడిలో గీత పెట్టేసింది. గేహార్ట్‌లు డెమొక్రాట్లు. ఆర్లీ తాత డెమొక్రాటు, తండ్రి డెమొక్రాటు, తల్లి ఓర్లీనా పిన్ని గదిలో ఏసు బొమ్మ పక్కన ఒక డెమొక్రాట్ ప్రెసిడెంటు బొమ్మ చెక్కు చెదరకుండా ముప్పై ఏళ్ళుంది. మా లోయలో బిడ్డకి పేరు కంటే ముందు పార్టీ వస్తుంది. రిచీలదీ అంతే. ఆ సంగతి ఒక గేహార్ట్‌ని అడగడమేమిటి?

"ఇక్కడ సంతకం పెట్టు."

పెట్టాడు. నేను రాసినదేదీ చూడలేదు. నేను రాస్తే సరిగ్గానే ఉంటుందనుకున్నాడు. సోమవారం ఊళ్ళోకి వెళ్ళినప్పుడు కార్డు కౌంటీ ఆఫీసులో నేనే ఇచ్చాను.

ఆ వసంతమంతా ఎన్నికల సందడే. నిలబడినవాళ్ళు షాపుకొచ్చి గోళ్ళు అరగదీసుకునే పుల్లలు పంచారు, ఈగలు కొట్టే బ్యాట్లు పంచారు, అన్నిటి మీదా వాళ్ళ పేర్లే. జైలర్ పదవికి ముగ్గురు దిగారు. మా కౌంటీలో జైలర్‌ని కూడా జనమే ఎన్నుకుంటారు. ముగ్గురూ రిపబ్లికన్లే. అందులో వెర్లిన్ స్లోన్ అనే అతను అదే జైల్లో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. నాకు ముఖ పరిచయం తప్ప ఇంకేం తెలియదు. అతని ఈగల బ్యాటు మంచిది, ఇప్పటికీ విరగలేదు.

మే మొదటి వారంలో ఊరి పేపర్లో నమూనా బ్యాలెట్లు పడ్డాయి. ఒక పేజీలో డెమొక్రాట్లది, ఎదురు పేజీలో రిపబ్లికన్లది. ఆ మర్నాడు ఆర్లీ వచ్చాడు. జుట్టు కత్తిరించి మూడు వారాలే అయింది. పేపరు నాలుగు మడతలు పెట్టి చంకలో ఉంచుకున్నాడు. షాపులో ఇంకెవరూ లేరు.

"అక్కా, దీన్లో వెర్లిన్ పేరు లేదేంటి?"

"ఎందుకుండదు, ఎదురు పేజీలో ఉంటుంది చూడు."

"ఉంది. కానీ ఎన్నికల బల్ల దగ్గర నాకిచ్చేది ఈ పేజీ అంట కదా. హోబర్ట్ చెప్పాడు."

హోబర్ట్ సైజ్‌మోర్ అంటే బల్ల దగ్గర నా పక్కన కూర్చునే రిపబ్లికన్. ఇరవై రెండేళ్ళుగా నా టిఫిన్ డబ్బాలోంచి కేకు దొంగిలిస్తున్నాడు.

"అవును. నువ్వు డెమొక్రాట్‌వి. నీకు డెమొక్రాట్ బ్యాలెట్టే ఇస్తాం."

"నేనెప్పుడు చెప్పాను డెమొక్రాట్‌నని?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగాడు. నేను పేపరు అతని దగ్గర తీసుకుని రెండు పేజీలూ చూశాను. 

"వెర్లిన్‌కి వెయ్యాలా నువ్వు?"

"అతనికే వెయ్యాలి. ఇంకెవరికేస్తే నాకేంటి?"

కుర్చీలో కూర్చోమన్నాను. కూర్చున్నాడు. ఎందుకో అలవాటుగా మెడ చుట్టూ గుడ్డ కూడా కట్టాను. అప్పుడు చెప్పాడు. అద్దంలో నన్ను చూడకుండా, గుడ్డ కింద చేతులు పెట్టుకుని చెప్పాడు.

ఓర్లీనా పిన్ని పోయినప్పుడు ఆర్లీ జైల్లో ఉన్నాడు. అప్పటి జైలర్ రెండు గంటలు సెలవిచ్చాడు గానీ, చేతులకీ కాళ్ళకీ వేసిన గొలుసులు తియ్యకూడదన్నాడు. తీసుకొచ్చింది వెర్లిన్. అప్పటికి కొత్తగా చేరాడు, ఇరవై ఆరేళ్ళ కుర్రాడు. చర్చి వెనకాల కారు ఆపి అద్దంలోంచి ఇతన్ని చూస్తూ కూర్చున్నాడంట.

"'అన్నా, అమ్మ శవపెట్టె మోసేవాళ్ళలో నువ్వున్నావా' అన్నాడు. ఉన్నానన్నా. 'దానికి రెండు చేతులూ కావాలి కదా' అన్నాడు. దిగొచ్చి అన్నీ విప్పేశాడు. నేను వేసుకున్నది జైలు చొక్కా. అతని కోటు తీసి నాకు తొడిగాడు. 'పారిపోతావా' అన్నాడు. పోనన్నా. 'సరే, నేను వెనక బెంచీలో కూర్చుంటా' అన్నాడు."

"తర్వాత?"

"ఎవరో చెప్పేశారు. ఆర్నెల్లు అతనికి అన్నీ రాత్రి డ్యూటీలే వేశారు. నాతో ఒక్కసారి కూడా అనలేదు. తోటలో కనబడితే టమాటాలెలా ఉన్నాయని అడిగేవాడు."

ఆ రోజు చర్చిలో నేనూ ఉన్నాను. ముందు వరసలో నిలబడి పాట కూడా పాడాను. ఆర్లీ తల్లి పెట్టెని ఎడమవైపు రెండు చేతులతో పట్టుకుని నా పక్కనుంచే వెళ్ళాడు. జైలు వాళ్ళే ఒప్పుకుని ఉంటారులే అనుకున్నాను. వెనక బెంచీలో కోటు లేకుండా కూర్చున్నదెవరో తిరిగి కూడా చూడలేదు. అన్నీ చూస్తానని పేరు నాకు.

"ఊళ్ళో చెప్పొచ్చుగా ఇది? అతనికి నాలుగు ఓట్లొస్తాయి," అన్నాను.

"దొంగలకి గొలుసులిప్పేవాడని ఎదుటివాళ్ళు పట్టుకుంటారు. ఓట్లు పోతాయి. అందుకే నోరు మూసుకుని ఓటన్నా వేద్దామనుకున్నా. అది ఎవరికీ తెలీదు కదా. నేను ఇవ్వగలిగింది అదొక్కటే అక్కా."

గుడ్డ విప్పి, ట్రక్కెక్కి పోయాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది, నేనూ నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

షాపు మూసి తిన్నగా కౌంటీ ఆఫీసుకి పోయాను. రూలు నాకు తెలుసు. తెలిసే వెళ్ళాను. మొదటిసారి చేరేవాడు ఏప్రిల్ దాకా తనకి నచ్చిన పార్టీ రాసుకోవచ్చు, ఆర్లీ అంతకుముందెప్పుడూ చేరలేదు. ఒకసారి రాసుకున్నాక మార్చుకోవాలంటే ముందు ఏడాది డిసెంబర్ ముప్పై ఒకటి లోపే మార్చుకోవాలి. అది దాటితే ఆ ప్రైమరీకి పాత పార్టీయే. గడి ఖాళీగా ఉన్నప్పుడే నిజం రాసి ఉంటే చాలు. తాషా అనే పిల్ల, నా షాపులోనే పెళ్ళికి ముస్తాబైన పిల్ల, కిటికీలో కూర్చుని ఉంది.

"తప్పు రాసింది నేను తల్లీ, అతను కాదు. నా పేరు మీద ఏదైనా రాసిస్తా, సంతకం పెడతా."

"సంతకం ఆయనదే ఉంది కదా పిన్నీ."

"చూడకుండా పెట్టాడే."

"ఈ రూలు ప్రతి ఏడూ అందరికీ చెప్పేది మీరే కదా. మా అమ్మకి కూడా మీరే చెప్పారు. ఆవిడ జనవరి రెండున వచ్చి ఏడ్చింది, మీరే ఓదార్చారు."

చెప్పాను, ఓదార్చాను. తేదీలు గుర్తుపెట్టుకోకపోతే ఎలాగమ్మా అని కూడా అన్నాను. బయటికొచ్చి కారెక్కాను. పొరపాటున రాశానా, రిపబ్లికన్ గడి మీదికి నా చెయ్యి పోక రాశానా అని నన్ను నేనే అడిగాను. పొరపాటే. కానీ ఆ పొరపాటు వెనకాల మా నాన్నా, వాళ్ళ నాన్నా కూర్చుని ఉన్నారు, అదీ నిజమే. ఆర్లీ అంటే నాకు ఇష్టం. తోడబుట్టినవాళ్ళెవరూ మిగల్లేదు నాకు, తమ్ముడి లెక్కన మిగిలినవాడు అతనే. అతని నోట్లో మాట నేను లాగేసుకున్నాను, పెన్ను లాక్కున్నట్టే.

ఎన్నికల రోజు పొద్దున్న ఆరింటికి, మా ఓట్లు పడే ఫైర్ స్టేషను తలుపు తీస్తే గుమ్మంలో ఆర్లీ ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, తడి దువ్వెనతో అణిచిన జుట్టు. ఆ రోజు రాడనే అనుకున్నాను. హోబర్ట్ నా మోచేతిని పొడిచాడు. సంగతంతా ముందే చెప్పేశాను అతనికి. హోబర్ట్‌కి చెప్పడం రాయికి చెప్పడంతో సమానం, కేకు విషయంలో తప్ప నమ్మొచ్చు.

గుర్తింపుకి డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చాడు. తెర మీద పేరు వెతికాను. ఆర్లీ డీన్ గేహార్ట్. తెర అతని వైపు తిప్పాను. నిజానికి సంతకం కోసం తిప్పుతాం, కానీ అతను ముందు పేరు చదువుకున్నాడు.

"ఉంది," అన్నాడు.

"ఉండక ఎక్కడికి పోతుంది?" అన్నాడు హోబర్ట్.

"ఇన్నేళ్ళూ ఎక్కడికి పోయిందో మరి."

సంతకం పెట్టాడు. డెమొక్రాట్ బ్యాలెట్ అతని చేతికిచ్చేటప్పుడు నేను కళ్ళెత్తలేదు. దాన్లో ఉన్నదెంత, పైన ఎక్కడో పెద్ద పదవికి నలుగురు, కింద మా లోయ తరఫున కౌంటీ సభ్యుడిగా ఇద్దరు. ఆర్లీ అట్టముక్క చాటున పావుగంట నిలబడ్డాడు. బయట వరస పెరుగుతోంది. ఎవరో గొణిగితే హోబర్ట్, "ఉండండయ్యా, మనిషి చదువుతున్నాడు," అన్నాడు. చివరికి వచ్చి కాగితం మెషిన్లో పెట్టాడు. అది లాక్కుంది. ఓటు వేశానని చొక్కాకి అంటించుకునే బిళ్ళ ఇస్తే జేబు మీద అంటించుకుని, అరచేత్తో అదిమాడు.

నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, డెల్ఫియా ముసలమ్మ రిపబ్లికనేనా?"

"ఎందుకురా?"

"చెప్పు."

"నేను చెప్పకూడదు. ఊరందరికీ తెలుసుగా, వెళ్ళి ఎవర్నైనా అడుగు."

హోబర్ట్ కాఫీ కప్పులోకి చూస్తూ, "ఇల్లంతా మా పార్టీ ఏనుగు బొమ్మలే," అని కప్పుకి చెప్పాడు.

ఆర్లీ వెళ్ళిపోయాడు. ముప్పావుగంటకి ట్రక్కు మళ్ళీ వచ్చింది. ముందు సీట్లో డెల్ఫియా, మధ్యలో ఆవిడ చెల్లెలు, చెల్లెలి ఒళ్ళో షెరీఫ్. దింపి మళ్ళీ వెళ్ళాడు. మా లోయలో ఓటర్లని మోసుకురావడం పాత అలవాటే, పార్టీల వాళ్ళు దానికి పెట్రోలు పోయించి చేతిలో ఏదో పెడతారు. ఆర్లీ ఎవర్నీ ఏదీ అడగలేదు. ఎవరికి వెయ్యమనీ ఎవరికీ చెప్పలేదు. నమ్మకం లేక డెల్ఫియాని తర్వాత అడిగాను. "ఓటుకి వస్తావా అవ్వా అన్నాడు, వస్తానన్నా, దారంతా చిక్కుడు విత్తనాల గురించే చెప్పాడు, ఆ జైలు పనికి మాత్రం వెర్లిన్ మంచివాడని ఒక్కసారి అన్నాడు," అంది.

మధ్యాహ్నం రెండింటికి ఊపిరితిత్తుల జబ్బున్న పాత గని మనిషి ఒకాయన్ని, ఆక్సిజన్ సీసాతో సహా రెండు చేతులా ఎత్తుకుని మెట్లెక్కించాడు. ఎత్తుకున్నప్పుడు చొక్కా జేబు మీద బిళ్ళ నలిగిపోయింది. నేను ఇంకోటిచ్చాను. రూలు ప్రకారం మనిషికి ఒకటే.

హోబర్ట్‌కి ఆ రోజంతా పండగే. "చూశావా గ్లీమా, మీ పార్టీవాడు మా ఓటర్లని మోస్తున్నాడు. నువ్వు కూడా ఒక చెయ్యెయ్యకపోయావా."

"కేకు తిన్నావుగా, నోరు మూసుకో."

"తిన్నాను గానీ, నిజం చెప్పు, ఎన్నో మనిషి ఇది?"

"పంతొమ్మిది," అన్నాను. నేను లెక్కపెడుతూనే ఉన్నాను.

ఆరింటికి మూశాం. ఎండ ఇంకా కొండ మీద ఉంది. మెషిన్లోంచి వచ్చిన కాగితం తలుపుకి అంటించాను. ఆర్లీ వేలు పెట్టి కిందికి చదువుకుంటూ వచ్చాడు. సోర్‌వుడ్‌లో వెర్లిన్‌కి నలభై ఏడు, మిగతా ఇద్దరికీ కలిపి ముప్పై ఒకటి. ఆర్లీ మొహం విచ్చుకుంది. వెర్లిన్ ఓడిపోయాడని గంట తర్వాత ఊళ్ళోంచి ఫోన్ వచ్చింది. కౌంటీ మొత్తం మీద ఎనభై రెండు ఓట్ల తేడా.

"నాది పడ్డా సరిపోయేది కాదులే అక్కా," అన్నాడు ఆర్లీ.

నన్ను ఓదార్చడానికే అన్నాడు. నాకు ఇంకా ఏడుపొచ్చింది, అతని ముందే ఏడ్చాను. అతను టోపీ తీసి చేతిలో పట్టుకుని, నా ఏడుపు అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు. షెరీఫ్ కూడా నిలబడింది.

జూలైలో వెర్లిన్ ఆర్లీ రోడ్డు పక్క బల్ల దగ్గర ఆగి చిక్కుడుకాయలు కొన్నాడంట. పంతొమ్మిది మంది సంగతి ఎవరో చెప్పారు అతనికి. నాలుగేళ్ళకి మళ్ళీ నిలబడతానన్నాడు. గొలుసుల సంగతి దాచాల్సింది కాదు, ఈసారి తనే అందరికీ చెప్పుకుంటానన్నాడు. అందుకే నేను ఇప్పుడు రాస్తున్నాను. ఆర్లీ కాయలకి డబ్బు తీసుకోనన్నాడు, వెర్లిన్ ఇవ్వకుండా కదలనన్నాడు, చివరికి షెరీఫ్‌కి ఒక బిస్కట్ పొట్లం కొనిచ్చి వెళ్ళాడు.

డిసెంబర్ ఇరవై తొమ్మిదిన ఆర్లీ షాపుకొచ్చాడు. కత్తెరలు తేలేదు.

"అక్కా, ఊళ్ళోకి పోదాం పద. ముప్పై ఒకటి లోపల మార్చుకోవాలి కదా."

"ఒరేయ్, జైలర్ ఎన్నిక ఇంకా మూడేళ్ళకి పైనే ఉంది."

"నేను మర్చిపోతానేమో. లేదా చస్తానేమో."

"చస్తే ఎలాగూ వెయ్యవుగా."

"మార్చుకుని చస్తా," అన్నాడు.

మంచు పడుతోంది. అతని ట్రక్కులోనే వెళ్ళాం. ఆఫీసులో తాషా ఒక్కతే ఉంది, గోడకి పండగ దీపాలు ఇంకా వేలాడుతున్నాయి. ఆర్లీకి కార్డూ పెన్నూ ఇచ్చింది. అతను బల్ల మీద వంగి రాయడం మొదలుపెట్టాడు. అదే గోడ కట్టడం. గేహార్ట్ అని రాయడానికే అర నిమిషం పట్టింది. నా వేళ్ళు అటు పోతున్నాయి. రెండు చేతులూ కోటు జేబుల్లో దూర్చి, గోడ మీద కాలెండర్లో గుర్రం బొమ్మ చూస్తూ నిలబడ్డాను. అతను పార్టీ దగ్గరికొచ్చి ఆగి, గడి పక్క మాట చదివి, మళ్ళీ చదివి, నెమ్మదిగా రిపబ్లికన్ గడిలో గీత పెట్టాడు. సంతకం పెట్టాడు.

"తాషా, ఇంకో కార్డియ్యమ్మా," అన్నాను.

"ఎవరికి పిన్నీ?"

"నాకే."

తాషా నా మొహంలోకి చూసి కార్డిచ్చింది. దాన్ని ఆర్లీ ముందుకి జరిపాను.

"నువ్వు రాయి."

"నేనా? నీ చేతికేమైంది?"

"నువ్వు రాయి అంటున్నాగా."

రాశాడు. రిచీ అన్నది తప్పు రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాడు. వెనకాల ఇంకెవరో వచ్చి నిలబడ్డారు, కాళ్ళు మారుస్తున్నారు. నేను కదల్లేదు. పుట్టిన తేదీ చెప్పాను, ఊరి పేరు చెప్పాను. పార్టీ అన్న చోటికి వచ్చి పెన్ను పైకెత్తాడు. నా తాత ఎవరో, తండ్రి ఎవరో, ఇరవై రెండేళ్ళుగా ఆ బల్లకి ఏ పక్కన కూర్చుంటున్నానో మా లోయలో అందరికంటే బాగా అతనికి తెలుసు. అయినా పెన్ను అలాగే పట్టుకుని నా వైపు చూశాడు.

"ఏ పార్టీ అక్కా?" అన్నాడు.

ఒక్క మాట. ఫిబ్రవరిలో నేను అడగాల్సింది అదే.

"వెర్లిన్ పార్టీ," అన్నాను. "తొందరేం లేదు, నెమ్మదిగా రాయి."